అత్తయ్యకి చదివి వినిపించిన మైదానం

మొన్న మా అపార్ట్‌మెంట్ ప్రహరీ గోడకి ఇద్దరు కుర్రాళ్ళు ఏదో కోచింగ్ సెంటర్ పోస్టర్లు అంటిస్తున్నారు. ప్లాస్టిక్ బకెట్‌లో మైదా జిగురు, అందులో ముంచి తీసే చీపురు. కూరల సంచీతో లోపలికి వస్తున్నదాన్ని ఆ వాసనకి ఆగిపోయాను. ఉడికి, కాస్త పులిసిన మైదా. దానికి మైలుతుత్తం ఘాటు ఒక్కటి కలిస్తే అది మా తెనాలి అద్దె పుస్తకాల షాపే.

ఆ షాపు బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేది. ముందు గదంతా చెక్క అరలు. వెనక వసారాలో కిరసనాయిలు స్టవ్ మీద ఎప్పుడూ జిగురు ఉడుకుతుండేది. షాపాయన్ని మేమందరం బాబాయిగారనే వాళ్ళం. కొత్త నవల వస్తే ముందు దాని పల్చటి అట్ట పీకేసేవారు. దబ్బనంతో పొడిచి, పురికొస లాగి కుట్టి, వెన్నుకి కాలికో గుడ్డ అంటించి, దళసరి అట్ట వేసేవారు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. ఆ నీలం ఆయన గోళ్ళ చివర్ల నుంచి ఎప్పుడూ పోయేది కాదు. వారపత్రికల్లో సీరియల్స్‌ని వారం వారం చింపి దాచి, కథ అయిపోయాక కలిపి కుట్టి ఒక నవల చేసేవారు. అలాంటి పుస్తకంలో హీరోయిన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్న చోట పక్కనే సగం పేజీ సబ్బు ప్రకటన ఉండేది. మాకదేం అడ్డనిపించేది కాదు.

రోజుకి పది పైసలు. పొడుగు నోటుబుక్‌లో పేరు, పుస్తకం నంబరు, తేదీ. యద్దనపూడి నవల కావాలంటే మన ముందు బోలెడుమంది పేర్లుండేవి. మార్జిన్లలో పెన్సిల్ రాతలు. ఒకరు హీరోని తిడితే కింద ఇంకొకరు వెనకేసుకొచ్చేవారు. మా అమ్మ వయసువాళ్ళు, మా వయసువాళ్ళు, ఎప్పుడూ ఒకరికొకరం ఎదురుపడని ఆడవాళ్ళం ఆ మార్జిన్లలో మాట్లాడుకునేవాళ్ళం.

మైదానం నవల రాసిన చలం పుస్తకాలు మాత్రం అరల్లో ఉండేవి కావు. బాబాయిగారి బల్ల కింద ఒక రేకు పెట్టెలో ఉండేవి. వెన్ను మీద పేరు రాసేవారు కాదు, నంబరు మాత్రమే. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి నంబరు చెప్పి తీసుకుపోయేవారు. ఒకసారి నేనూ అడిగాను. ఆయన తలెత్తకుండా, "మీ నాన్నగారు ఏమంటారమ్మా?" అన్నారు. అంతే. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే అడిగారు.

* * *

చలం మా ఊళ్ళో పెరిగినవాడు. పుట్టింది మద్రాసులో, 1894లో. చిన్నతనం తెనాలిలో, తాతగారింట్లో గడిచింది. మా ఊరివాళ్ళకి రచయితలంటే గర్వం. కొడవటిగంటి కుటుంబరావు మావాడు, చక్రపాణి మావాడు, గోపీచంద్ మావాడు అని టీ కొట్టు దగ్గర కూడా చెప్పుకునేవారు. చలం పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గేది. పిల్లలున్నారా అని చుట్టూ చూసుకునేవారు. మా అమ్మైతే ఆ పేరే ఎత్తేది కాదు, "కొంపలు కూల్చే పుస్తకాలు" అనేది.

మైదానం 1927లో వచ్చింది. ఒక ప్లీడరు భార్య, బ్రాహ్మణ ఇల్లాలు రాజేశ్వరి, అమీర్ అనే ముస్లిం యువకుడితో ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఊరికి దూరంగా, కొండా నీళ్ళూ ఉన్న ఒక మైదానంలో ఇద్దరూ కాపురం పెడతారు. ఆ కథని రాజేశ్వరి తనే చెప్తుంది. సిగ్గుపడుతూ కాదు, క్షమించమని కాదు. తన ఒంటికి తెలిసిన సుఖం గురించి ఒక తెలుగు ఆడది తన నోటితో అంత తేటగా చెప్పడం జనం అప్పటిదాకా వినలేదు. రాసినాయన బళ్ళ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసిన మనిషి. ఆయన్ని చాలామంది గుమ్మం తొక్కనివ్వలేదు. విశ్వనాథ సత్యనారాయణ గారి చెలియలికట్ట నవల దీనికి జవాబుగా వచ్చిందని మా తెలుగు లెక్చరర్ చెప్పేవారు. జవాబు ఏమిటో చెప్పేవారు గానీ ప్రశ్నని మాత్రం మమ్మల్ని చదవనిచ్చేవారు కాదు.

* * *

1979 మే నెలలో చలం అరుణాచలంలో పోయారు. ఆవకాయ రోజులు. దొడ్లో రోకలి చప్పుడు, ఆవాల ఘాటుకి తుమ్ములు, తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు మంచాల మీద. నాన్న అరుగు మీద పేపరు చదువుతూ, "చలం పోయాడట" అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ తనే, "గొప్ప తెలుగు రాసేవాడు. ఆ తెలుగుని ఇంకో పనికి వాడి ఉండాల్సింది" అన్నారు.

అన్నయ్య లోపలికి పోయి మహాప్రస్థానం తీసుకుని కూర్చున్నాడు. వాడికి చలం అంటే మైదానం కాదు, శ్రీశ్రీకి యోగ్యతాపత్రం రాసిన మనిషి. ఆ ముందుమాట వాడికి కవితల కంటే బాగా కంఠతా వచ్చు. మావాడి ఈడు కుర్రాళ్ళు చాలామంది అలా శ్రీశ్రీ గుమ్మంలోంచే చలం దగ్గరికి వెళ్ళారు. ఆడపిల్లలకి ఆ దారి కూడా ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం అత్తయ్య నన్ను పిలిచింది.

అత్తయ్య అంటే నాన్నకి పెద్దక్క. కాపురానికి వెళ్ళకముందే మొగుడు పోయాడు. మైదానం అచ్చయ్యేనాటికి అత్తయ్య పన్నెండేళ్ళ విధవ. బాల్యవివాహాలు కూడదన్న శారదా చట్టం ఆ తర్వాత రెండేళ్ళకి, 1929లో వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించి అప్పటికి నలభై ఏళ్ళు దాటిపోయింది. చట్టం కాస్త ఆలస్యంగానూ, సంస్కరణ కాస్త దూరంగానూ మిగిలిపోయిన ఇంట్లో అత్తయ్య జీవితమంతా గడిచింది. తమ్ముళ్ళ ఇళ్ళలో, తమ్ముళ్ళ వంటిళ్ళలో. మేమందరం ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాళ్ళమే.

కళ్ళలో శుక్లాలు వచ్చాక చదవడం కుదరక, మధ్యాహ్నాలు నాచేత వారపత్రికలు చదివించుకునేది. ఆవిడ వత్తులు చేసుకుంటూ వినేది. పక్కన దూది, చిన్న గిన్నెలో విబూది. వేళ్ళు వాటంతటవే తిరిగేవి. ఎక్కడైనా కథ బిగిస్తే వేళ్ళు ఆగేవి. అలా ఆగడం చూసే నాకు రచయిత మంచివాడో కాదో తెలిసేది.

"ఆయన రాసిందేదో ఉందిటగా, అందరూ తిట్టేది. అది వినిపించవే" అంది.

నా గుండె దడదడలాడింది. "అది నువ్వు వినకూడదు అత్తయ్యా."

"నేను వినకూడనిదైతే నువ్వెలా చదువుతావ్? తెప్పించు."

అన్నయ్య చేత నంబరు చెప్పించి తెప్పించాను. ఎవరి కోసమో వాడికి చెప్పలేదు. వాడూ అడగలేదు.

* * *

వంటింటి వెనక గదిలో, తలుపు దగ్గరగా వేసి చదివేదాన్ని. అందరూ భోంచేసి పడుకున్నాక. ఎదురుగా కిటికీలోంచి వడగాలి, దూరంగా కాలవ దగ్గర బట్టలుతికే చప్పుడు. మొదటి పేజీల్లోనే ఆ భాష నన్ను పట్టేసింది. అది మా ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు. పుస్తకంలో అలాంటి తెలుగు, అంత వేగంగా, అంత వేడిగా వస్తుందని నాకు తెలీదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రాజేశ్వరీ అమీరూ దగ్గరయ్యే చోట్లు వస్తే నేను రెండు పేరాలు వదిలేసి కిందికి పోయేదాన్ని. అత్తయ్య ఊరుకునేది కాదు.

"పేజీ తిప్పిన చప్పుడైంది గానీ చదివిన చప్పుడు కాలేదే."

చెవులు కాలిపోతుంటే చదివేదాన్ని. ఆవిడ మొహంలో నేను భయపడిందేదీ కనిపించలేదు. ఛీ అనలేదు, నవ్వలేదు. అరవై దాటిన మనిషి, తనకి తెలియకుండా పోయిన దేశం గురించి వింటున్నంత శ్రద్ధగా వింది. నీళ్ళలో రాజేశ్వరి ఆడే ఆటల దగ్గర "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది: "వాళ్ళకి బియ్యం ఎక్కడివే?"

నేను వెనక్కి తిప్పి చూశాను. "అమీర్ తెస్తాడేమో."

"తేని రోజున?"

ఏం చెప్పాలో తెలియలేదు. ముందుకి చదివాను.

తర్వాత కథ మారడం మొదలైంది. అమీర్ మొరటుతనం, అతని మనసు ఇంకో అమ్మాయి మీదికి పోవడం, దాన్ని కూడా ప్రేమ పేరుతో రాజేశ్వరి భరించడం. ఆ తర్వాత కడుపులో బిడ్డ సంగతి. అమీర్ బిడ్డ వద్దంటాడు. ఆ పేజీలు చదువుతుంటే అత్తయ్య వేళ్ళు ఆగిపోయాయి. నేను చదవడం ఆపి ఆవిడ వంక చూశాను.

"వీడూ మొగుడేగా మరి" అంది.

ఆ తర్వాత ఎన్నో పుస్తకాల్లో మైదానం మీద విమర్శలు చదివాను. పెద్ద పెద్ద పేర్లున్నవాళ్ళు రాసినవి, చలాన్ని నెత్తిన పెట్టుకున్నవీ, తూర్పారబట్టినవీ. ఆ మూడు మాటల్లో అత్తయ్య చెప్పినంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. ఒక కట్టుబాటు లేని చోటికి పోయినా మగవాడు తనతో పాటు ఆ కట్టుబాటుని మోసుకొస్తాడని, తాళి లేనంత మాత్రాన పెత్తనం పోదని, కాపురమే చెయ్యని మనిషికి తెలిసింది.

మీరా అనే కుర్రాడు వచ్చాక, కథ ముడిపడ్డ చోట పుస్తకం ఆగిపోయింది. చివరి ఫారం, అంటే కలిపి కుట్టిన ఆఖరి పేజీల కట్ట, లేదు. ఎవరో చింపుకుపోయారో, కుట్టు తెగి రాలిపోయిందో. బాబాయిగారి పుస్తకాల్లో ఇది మామూలే.

"తరవాతేమైంది?" అంది అత్తయ్య.

"పేజీలు లేవు అత్తయ్యా."

కాసేపు వత్తులు చేసుకుంది. తర్వాత తనే చెప్పింది. "ఆ పిల్ల వీళ్ళిద్దర్నీ వదిలేసి బెజవాడో రాజమండ్రో పోయి ఉంటుంది. నాలుగిళ్ళలో వంటకి కుదురుకుని ఉంటుంది. తన బియ్యం తను కొనుక్కుని ఉంటుంది."

ఎంత నమ్మకంగా చెప్పిందంటే చాలాకాలం నాకు మైదానం ముగింపు అదే.

* * *

అసలు ముగింపు బ్యాంకు ఉద్యోగంలో చేరాక, విజయవాడలో తెలిసింది. పుస్తక ప్రదర్శనలో చలం పుస్తకాలకి ఒక బల్లంతా ఉంది. వెన్ను మీద పెద్ద అక్షరాలతో పేరు. నేను డబ్బిచ్చి, సంచీలో పెట్టుకోకుండా చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చాను. అమీర్ చావు, ఆ నేరాన్ని రాజేశ్వరి తన నెత్తిన వేసుకోవడం. చదివి రాత్రంతా నిద్రపోలేదు. అత్తయ్య అప్పటికి లేదు.

కోపం వచ్చింది. ఇంత ధైర్యంగా గడప దాటిన మనిషికి ఆ రచయిత ఇచ్చింది ఇదా అని. చలమే స్త్రీ అనే పుస్తకంలో అన్నాడు కదా: ఆడదానికి శరీరం ఉంది, దానికి వ్యాయామం కావాలి, మెదడు ఉంది, దానికి జ్ఞానం కావాలి, హృదయం ఉంది, దానికి అనుభవం కావాలి అని. ఆ మాటలు మా తరంలో ఎంతమంది ఆడపిల్లలు డైరీల్లో రాసుకున్నారో. ఆ లెక్కతోనే మైదానాన్ని చూశాను. రాజేశ్వరి శరీరానికి ఆకాశమంత చోటిచ్చాడు. హృదయానికి తట్టుకోలేనంత అనుభవం ఇచ్చాడు. మెదడుకి ఏమిచ్చాడా అని వెతికాను. పెద్దగా దొరకలేదు. ఆమెకి తనదంటూ ఒక పని లేదు, చేతిలో ఒక రూపాయి లేదు. అమీర్ చూపు మీద ఆమె రోజు ఆధారపడి ఉంటుంది. అప్పటికి నేను నెలనెలా జీతం తెచ్చుకుంటున్నదాన్ని, ఆ జీతం ఇంట్లో నా మాటకి ఎంత బరువు తెచ్చిందో కళ్ళారా చూస్తున్నదాన్ని. ఆ లోటు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో కూతుళ్ళకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో హక్కిస్తూ చట్టం తెచ్చినప్పుడు కూడా నాకు గుర్తొచ్చింది అత్తయ్య బియ్యం ప్రశ్నే.

మా బ్రాంచిలో ఒక ముస్లిం సహోద్యోగి ఉండేవారు. తెలుగు సాహిత్యం బాగా చదివిన మనిషి, చలం వచనమంటే ఇష్టం. ఒకసారి లంచ్‌లో మైదానం మాట వస్తే ఆయన క్యారేజీ మూత పెట్టి, "కాలేజీలో నన్ను పేరుతో ఎవరూ పిలవలేదండీ, అమీర్ అనేవారు" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. అమీర్ ఎక్కడ పుట్టాడు, వాళ్ళమ్మ ఎలాంటిది, అతను దేనికి భయపడతాడు? రాజేశ్వరి కళ్ళకి అతని ఒళ్ళూ ఆవేశమూ కనిపిస్తాయి, మనకీ అంతే. ఒక మతం మనిషిని మోటు బలానికి, అడవి స్వేచ్ఛకి గుర్తుగా నిలబెట్టడం చలం చెడ్డ ఉద్దేశంతో చేశాడని నేననుకోను. 1927లో ఆ ఇద్దర్నీ ఒక చోట చేర్చడమే పెద్ద సాహసం. కానీ ఆ సాహసానికి ధర ఎవరు కట్టారో ఆ లంచ్ టేబుల్ దగ్గర చూశాను.

ఇన్ని తెలిసినా ఆ పుస్తకాన్ని తీసి పక్కన పెట్టలేను. కొన్ని పేజీలు ఇప్పటికీ పైకి చదువుకుంటాను. ఆ తెలుగు అలా పారుతూ ఉంటే నోటికి సుఖంగా ఉంటుంది. ఆడదానికి కోరిక ఉంటుందని, దాన్ని చెప్పుకోవడం పాపం కాదని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ మాట నాకు ముందు చెప్పింది ఈ పుస్తకం. అత్తయ్యకైతే బతుకు మొత్తంలో అదొక్కటే చెప్పింది.

రిటైరయ్యాక అరుణాచలం వెళ్ళాను. చలం 1950లో అన్నీ వదిలి రమణాశ్రమం దగ్గరికి వెళ్ళిపోయి అక్కడే చివరిదాకా ఉన్నాడు. పౌర్ణమికి గిరి చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లూ తెలుగు మాటలే వినిపించాయి. గుంటూరు, ఒంగోలు, వరంగల్ బస్సులు. నా పక్కన నడిచిన ఇద్దరు ముగ్గుర్ని చలం ఇక్కడే ఉండేవారు తెలుసా అని అడిగాను. ఒకావిడ మాత్రం, "మైదానం రాసినాయనేగా" అంది. గొంతు తగ్గించలేదు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

* * *

మా అక్క కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. కిందటి నెల ఫోన్‌లో మైదానం చదివిందట. వచ్చి సోఫాలో కూలబడింది.

"పిన్నీ, ఇదా మీరంతా అంత గొప్ప అన్నది? ఇది పక్కా టాక్సిక్ రిలేషన్‌షిప్. ఆవిడ మొదట్లోనే వెళ్ళిపోవాల్సింది."

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికేంటి, ఉద్యోగం చూసుకుని..." అని ఆగింది. దానికే అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. అమీర్ చేసినవి ఒక్కొక్కటే వేళ్ళు ముడిచి చెప్పింది. ప్రతిదీ నిజమే. నేను రాజేశ్వరి వైపు మాట్లాడుతూ పోయాను. అది వెళ్ళాక చూసుకుంటే, అది అన్నవన్నీ నేను నలభై ఏళ్ళప్పుడు అన్నవే. నేను అన్నవి పదిహేడేళ్ళప్పుడు అనుకున్నవి.

వెళ్ళేముందు దానికి అత్తయ్య సంగతి చెప్పాను. వత్తులు, చిరిగిపోయిన ఫారం, నాలుగిళ్ళలో వంట. విని చాలాసేపు ఫోన్ ముట్టుకోలేదు. "ఆవిడ ముగింపే కరెక్ట్ పిన్నీ" అంది. అక్కడ మాత్రం ఇద్దరం ఒకటయ్యాం.

ఈ ఆదివారం మళ్ళీ వస్తానంది. స్త్రీ చదివి రమ్మన్నాను. అది చదివాక కూడా రాజేశ్వరిని తెలివితక్కువది అంటే నేను ఊరుకోను. అమీర్‌ని ఏమన్నా సరే, అడ్డు చెప్పను.